రక్తంలో యాంటీబయాటిక్ స్థాయి రోగి కోలుకోవడం గురించి ఏం చెబుతుంది?

రక్తంలోకి బ్యాక్టీరియా చేరిన ఒక వయోజన రోగి నుంచి మిల్లీలీటరు రక్తం తీసి చూస్తే, చాలాసార్లు అందులో పది బ్యాక్టీరియాలు కూడా ఉండవు. ఒక్కటీ దొరకని సందర్భాలు కూడా ఉంటాయి. బ్లడ్ కల్చర్ కోసం, అంటే రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్ష కోసం, ఒక్కో విడతలో ఇరవై మిల్లీలీటర్ల దాకా రక్తం తీయడానికీ, రెండు మూడు విడతలు కావాలని ప్రయోగశాలలు పట్టుబట్టడానికీ కారణం ఇదే. ఆ బ్యాక్టీరియా అసలు స్థావరం మూత్రనాళంలోనో, పిత్తనాళంలోనో, గుండె కవాటం మీదో, సిరలోకి దింపిన క్యాథెటర్ మీదో ఉంటుంది, రక్తం దానికి దారి మాత్రమే. కాబట్టి రక్తంలో యాంటీబయాటిక్ ఎంత ఉందో కొలవడమంటే, యుద్ధం ఒకచోట జరుగుతుంటే అక్కడికి వెళ్లే రహదారి మీద సైన్యాన్ని లెక్కపెట్టడం వంటిది. ఆ లెక్క పనికిరాదని కాదు, రహదారి మీద ఎవరూ లేకపోతే స్థావరం దగ్గరా ఎవరూ ఉండరు. అయితే ఆ లెక్క ఎంతవరకు చెబుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలియకుండా దాన్ని వాడితే తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది.

మందు స్థాయికి విడిగా అర్థం లేదు. లీటరు రక్తంలో పది మిల్లీగ్రాముల మందు ఉందంటే అది ఎక్కువో తక్కువో ఎదురుగా ఉన్న బ్యాక్టీరియా మీద ఆధారపడి ఉంటుంది. ప్రయోగశాలలో ఒక బ్యాక్టీరియా పెరుగుదలను కంటికి కనిపించకుండా ఆపగలిగే అతి తక్కువ గాఢతను కనిష్ఠ నిరోధక గాఢత అంటారు. వైద్యుల వాడుకలో అది ఎంఐసీ. ఈ ఎంఐసీతో మందు స్థాయిని పోల్చే పద్ధతి అన్ని మందులకూ ఒకటి కాదు. పెన్సిలిన్ తొలిరోజుల్లోనే హ్యారీ ఈగిల్ జంతువులపై చేసిన ప్రయోగాలు, ఆ మందు విషయంలో గాఢత శిఖరం ఎంత ఎత్తుకు వెళ్లిందన్నదాని కన్నా, అవసరమైన స్థాయికి పైన ఎంతసేపు నిలిచిందన్నది ముఖ్యమని చూపించాయి. ఆ తర్వాత విలియం క్రెయిగ్ తెల్లరక్తకణాలు తగ్గించిన ఎలుకల తొడ కండరంలో ఇన్‌ఫెక్షన్ కలిగించి, ఒకే మొత్తం మందును రకరకాల విరామాలతో ఇచ్చి చూసి, 1998లో ఈ అవగాహనకు స్పష్టమైన రూపం ఇచ్చారు. పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లు, కార్బపెనెమ్‌లు అనే బీటాలాక్టమ్ కుటుంబానికి ఎంఐసీకి పైన గడిచే సమయం కీలకం. జెంటామైసిన్, అమికాసిన్ వంటి అమినోగ్లైకోసైడ్లకు శిఖర గాఢతకూ ఎంఐసీకీ మధ్య ఉండే నిష్పత్తి కీలకం. వాంకోమైసిన్‌కూ, సిప్రోఫ్లోక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినలోన్లకూ రోజు మొత్తం మీద గాఢత రేఖ కింద ఏర్పడే వైశాల్యం, అంటే ఏయూసీ, ఎంఐసీకి ఎన్ని రెట్లు ఉందన్నది కీలకం.

ఈ తేడా ఆచరణలో ఎంత దూరం తీసుకెళ్తుందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. మెరోపెనెమ్ అనే కార్బపెనెమ్‌ను ఒక గ్రాము అరగంటలో సిరలోకి ఎక్కిస్తే, మూత్రపిండాలు మామూలుగా పనిచేసే మనిషిలో శిఖర గాఢత లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాములు అవుతుంది; అర్ధాయువు, అంటే గాఢత సగానికి తగ్గడానికి పట్టే సమయం, దాదాపు గంట. ఈ మందు రక్తంలోని ప్రోటీన్లకు అతుక్కునేది నామమాత్రమే కాబట్టి మొత్తం గాఢతనే పనిచేసే గాఢతగా తీసుకోవచ్చు. బ్యాక్టీరియా ఎంఐసీ లీటరుకు 2 మిల్లీగ్రాములైతే, 50 నుంచి 2కు దిగడానికి నాలుగున్నర అర్ధాయువులకు కొంచెం పైన పడుతుంది, అంటే ఎనిమిది గంటల విరామంలో సగం దాటి కొంత. అదే రోగి మూత్రపిండాలు అతివేగంగా వడకడుతూ అర్ధాయువును నలభై నిమిషాలకు తగ్గించాయనుకుంటే, ఎంఐసీకి పైన గడిచే కాలం మూడు గంటలకు పడిపోతుంది. మరో రోగి మూత్రపిండాలు దెబ్బతిని అర్ధాయువు రెండు గంటలైతే, తర్వాతి డోసు సమయానికి కూడా మందు ఎంఐసీకి పైనే ఉంటుంది. ముగ్గురికీ ఇచ్చిన మోతాదు ఒక్కటే. లెక్క సరళమైనదే అయినా దానిలో మరో విషయం బయటపడుతుంది: మోతాదును రెట్టింపు చేస్తే కలిసొచ్చేది ఒక్క అర్ధాయువు మాత్రమే, అంటే మొదటి రోగిలో ఒక గంట. అదే మోతాదును మూడు నాలుగు గంటల పాటు నెమ్మదిగా ఎక్కిస్తే అంతకన్నా ఎక్కువ సమయం కలిసొస్తుంది. బీటాలాక్టమ్‌లను దీర్ఘ ఇన్‌ఫ్యూజన్‌గానో, రోజంతా ఆగకుండానో ఇవ్వాలన్న ఆలోచనకు మూలం ఇక్కడే ఉంది.

ఎలుకల్లో తేలిన ఈ సూత్రాలు మనుషుల్లోనూ నిలుస్తాయా అన్న ప్రశ్నకు తొలి బలమైన సాక్ష్యం రక్తప్రవాహ ఇన్‌ఫెక్షన్ల నుంచే వచ్చింది. 1984లో మూర్, ఆయన సహచరులు గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా (ఈ.కోలై వంటివి ఉన్న వర్గం) రక్తంలోకి చేరి అమినోగ్లైకోసైడ్లు పొందిన రోగులను పరిశీలించారు. చికిత్స తొలిదశలోనే శిఖర గాఢత తగిన స్థాయికి చేరినవారిలో మరణాలు 2.4 శాతం; చేరనివారిలో 20.9 శాతం. వందమందిలోపు రోగుల అధ్యయనం అది. అయినా ఆ తేడా అంత పెద్దది కావడం వల్ల, డోసు తర్వాత రక్తం తీసి స్థాయి చూడడం ఆసుపత్రుల్లో అలవాటుగా మారడానికి అదొక కారణమైంది. 1987లో అదే బృందం శిఖర గాఢత ఎంఐసీకి ఎనిమిది నుంచి పది రెట్లు ఉన్నప్పుడు దాదాపు తొంభై శాతం మంది చికిత్సకు స్పందించారని చూపింది. రోజుకు మూడు చిన్న డోసుల బదులు ఒక్క పెద్ద డోసు ఇచ్చే పద్ధతి దీన్నుంచే బలం పొందింది.

1993లో ఫారెస్ట్ బృందం తీవ్రంగా జబ్బుపడిన 74 మందిలో సిప్రోఫ్లోక్సాసిన్‌ను పరిశీలించింది. ఏయూసీ ఎంఐసీకి 125 రెట్లకు తక్కువైతే రోగ లక్షణాలు నయమైనవారు 42 శాతం, అంతకు మించితే 80 శాతం. వారిలో ఎక్కువమందిది ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ కాబట్టి ఆ 125ను రక్తప్రవాహ ఇన్‌ఫెక్షన్లకు యథాతథంగా తెచ్చి అంటించడం సరికాదు. అంతకన్నా మన విషయానికి దగ్గరైనది 2008లో మెకినన్ బృందం ప్రకటించిన పరిశీలన. బ్యాక్టీరీమియా (రక్తంలో బ్యాక్టీరియా ఉండడం), దానితో పాటు సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కు ఒళ్లు అదుపుతప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితి) ఉండి, సెఫెపిమ్ లేదా సెఫ్టాజిడిమ్ అనే సెఫలోస్పోరిన్లు పొందిన 76 మందిలో, డోసుల మధ్య విరామం మొత్తం మందు స్థాయి ఎంఐసీకి పైనే ఉన్నవారిలో 82 శాతం నయమయ్యారు. అలా లేనివారిలో 33 శాతమే. ఎలుకల్లో సెఫలోస్పోరిన్లకు విరామంలో 60, 70 శాతం కాలం సరిపోయింది. తీవ్ర స్థితిలోని మనిషికి నూరు శాతం కావాలన్న వాదనకు ఇలాంటి అధ్యయనాలే ఆధారం.

ఇక్కడిదాకా కథ సూటిగా ఉంది: స్థాయి పెరిగితే ఫలితం మెరుగవుతుంది. చిక్కు మొదలయ్యేది అసలు స్థాయిని నిర్ణయించేది ఏమిటని అడిగినప్పుడు.

సెప్సిస్‌లో రక్తనాళాల గోడలు కారడం మొదలవుతుంది. రక్తపోటు నిలబెట్టడానికి లీటర్ల కొద్దీ ద్రవాలు ఎక్కిస్తారు. నీటిలో కరిగే బీటాలాక్టమ్‌లు, అమినోగ్లైకోసైడ్లు, వాంకోమైసిన్ ఆ అదనపు నీటిలోకి విస్తరించి పలచబడతాయి. తొలి డోసు పెద్దదిగా ఉండాలన్నది దీనివల్లే, ఇది కచ్చితంగా పాటించాల్సిన విషయం: మూత్రపిండాలు ఎంత దెబ్బతిన్నా తొలి డోసును తగ్గించకూడదు. ఆ డోసు నింపాల్సింది మందు విస్తరించే పరిమాణాన్ని. మూత్రపిండాల వేగం లెక్కలోకి వచ్చేది తర్వాతి డోసులకే. టీకోప్లానిన్ వంటి దీర్ఘ అర్ధాయువు మందుకు ప్రారంభ డోసులు పెద్దవిగా ఇవ్వకపోతే సరైన స్థాయికి చేరడానికి రోజులు పడుతుంది, ఆ రోజులే రోగికి అత్యంత విలువైనవి. మరోవైపు, గాయాలతోనో కాలిన ఒంటితోనో వచ్చిన యువ రోగుల్లో మూత్రపిండాలు నిమిషానికి 130 మిల్లీలీటర్లకు మించి వడకడుతుంటాయి. మూత్రపిండాల పనితీరును చూసే వారి క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు ‘నార్మల్’ అనే చెబుతుంది కనుక, మందు ఎంత త్వరగా బయటకు పోతోందో ఎవరి దృష్టికీ రాదు. సెఫ్ట్రియాక్సోన్ వంటి మందులు 85 నుంచి 95 శాతం దాకా ప్రోటీన్లకు అతుక్కుని ఉంటాయి. రక్తంలోని ప్రధాన ప్రోటీన్ అయిన ఆల్బుమిన్ పడిపోయిన రోగిలో స్వేచ్ఛగా తిరిగే భాగం పెరుగుతుంది, దాంతో బాటే బయటకు పోయే వేగమూ పెరుగుతుంది. అప్పుడు మొత్తం గాఢతను మాత్రమే కొలిచే పరీక్ష, బ్యాక్టీరియాను తాకే స్వేచ్ఛా భాగం గురించి తప్పుడు బొమ్మ ఇస్తుంది.

10 దేశాల్లోని 68 ఐసీయూలలో జరిగి 2014లో వెలువడిన డాలి అధ్యయనం ఈ తేడాల విస్తృతిని కళ్లకు కట్టింది. బీటాలాక్టమ్‌లు పొందుతున్న రోగుల్లో ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స పొందిన ప్రతి వందమందిలో 16 మందికి, విరామంలో సగం కాలమైనా స్వేచ్ఛా గాఢత ఎంఐసీకి పైన నిలవలేదు. వారికి మంచి ఫలితం దక్కే అవకాశం 32 శాతం తక్కువగా కనిపించింది.

ఈ అంకెలను చదివేటప్పుడు ఒక మాట మరచిపోకూడదు. రక్తంలో మందు స్థాయి ఎంత మందు ఇచ్చామన్నదాన్ని మాత్రమే చూపదు; రోగి మూత్రపిండాలను, ఒంట్లోని నీటిని, రక్తప్రసరణను కూడా చూపుతుంది. ఇవే రోగి బతుకుతాడా అన్నదాన్నీ నిర్ణయిస్తాయి. సెప్సిస్‌తో మూత్రపిండాలు ఆగిపోయిన రోగిలో మందు పేరుకుపోయి స్థాయి చాలా ఎక్కువగా ఉంటుంది, ఆ రోగి చనిపోయే ప్రమాదమూ చాలా ఎక్కువే. మందు స్థాయినీ మరణాలనూ పక్కపక్కన పెట్టి గీత గీస్తే, కొన్ని అధ్యయనాల్లో ఎక్కువ స్థాయి ఉన్నవారే ఎక్కువగా చనిపోయినట్టు కనబడడంలో ఆశ్చర్యం లేదు. అక్కడ మందు చంపిందని కాదు, మూత్రపిండాలను ఆపేసిన జబ్బే మందు స్థాయినీ పెంచింది. దీనికి ఎదురు దిశలోనూ అదే పొరపాటు జరగవచ్చు: మూత్రపిండాలు బలంగా పనిచేసే యువ రోగుల్లో మందు స్థాయి తక్కువగా ఉంటుంది, కానీ వయసు వల్లే వారు ఎక్కువగా బతుకుతారు, దాంతో తక్కువ స్థాయి వల్ల నష్టమేమీ లేనట్టు గణాంకాల్లో కనిపిస్తుంది. పైగా మూడో రోజున స్థాయి కొలిచే ఏ అధ్యయనమైనా మూడో రోజు దాకా బతికినవారినే లెక్కలోకి తీసుకుంటుంది. తొలి గంటల్లో మందు చాలక పోయినవారు ఆ పట్టికలో ఉండరు. మూత్రపిండాల పనితీరును, జబ్బు తీవ్రతను, రక్తం తీసిన సమయాన్ని సరిచూడకుండా స్థాయికీ మరణానికీ మధ్య సంబంధం చూపే పరిశీలనను ఆధారంగా తీసుకోకపోవడమే మేలు.

ఎంఐసీ కూడా అంత గట్టి నేల కాదు. అది రెట్టింపు మెట్ల మీద కొలిచే అంకె. ఒకే బ్యాక్టీరియాను మళ్లీ పరీక్షిస్తే 1 అన్నది 0.5గానో 2గానో రావడం పద్ధతిలో అంగీకరించిన తేడా కిందికే వస్తుంది. అంటే ఏయూసీ ఎంఐసీకి 400 రెట్లు ఉందని రాసుకున్న రోగిలో అది నిజానికి 200 కావచ్చు, 800 కావచ్చు. సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని ఈ.కోలై, క్లెబ్సియెల్లా రక్తంలోకి చేరిన రోగుల్లో పిపరాసిలిన్-టాజోబాక్టమ్‌ను మెరోపెనెమ్‌తో పోల్చిన మెరినో ట్రయల్ 2018లో వెలువడింది. ముప్పై రోజుల్లో మరణాలు మొదటి వర్గంలో 12.3 శాతం, రెండో వర్గంలో 3.7 శాతం. తర్వాత ఆ బ్యాక్టీరియాలను ప్రామాణిక పద్ధతిలో మళ్లీ పరీక్షిస్తే, లొంగుతాయనుకున్న వాటిలో కొన్నింటి ఎంఐసీ, మందుకు లొంగుతుందని చెప్పే పరిమితిని దాటి ఉందని తేలింది. వాటిని పక్కన పెడితే తేడా తగ్గింది. మందు స్థాయిని ఎంత జాగ్రత్తగా కొలిచినా, దాన్ని భాగించే అంకె తప్పైతే నిష్పత్తి కూడా తప్పే అవుతుంది.

ఇన్ని చిక్కులూ ఒకేచోట కలిసిన చరిత్ర వాంకోమైసిన్‌ది. మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ ఆరియస్ మీద చాలాకాలం ప్రధాన ఆయుధం ఇదే. ఏయూసీ ఎంఐసీకి 400 రెట్లు ఉండాలన్న లక్ష్యం ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ రోగుల నుంచి వచ్చింది. రోజంతా ఏయూసీ లెక్కించడం కష్టమని, దానికి బదులుగా తర్వాతి డోసుకు ముందు ఉండే అడుగు స్థాయి లీటరుకు 15 నుంచి 20 మిల్లీగ్రాముల మధ్య ఉంచాలని 2009 మార్గదర్శకాలు చెప్పాయి. దాని వల్ల చాలామందికి అవసరమైన దానికన్నా ఎక్కువ మందు వెళ్లి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఈ బ్యాక్టీరియా రక్తంలోకి చేరిన 265 మందిని ముందుచూపుతో అనుసరించిన ప్రొవైడ్ అధ్యయనంలో ఏయూసీ పెరిగిన కొద్దీ చికిత్స వైఫల్యం తగ్గలేదు, మూత్రపిండాల దెబ్బ మాత్రం పెరిగింది. 2020లో నాలుగు అమెరికన్ వృత్తి సంఘాలు కలిసి అడుగు స్థాయి లక్ష్యాన్ని వదిలేసి, ఏయూసీని 400కూ 600కూ మధ్య ఉంచాలని సిఫారసు చేశాయి. ఇక్కడ స్థాయి చూడడం వల్ల ముఖ్యంగా కలిగే మేలు బ్యాక్టీరియాను చంపడంలో కన్నా మూత్రపిండాలను కాపాడడంలో ఉంది, అదేమీ చిన్న మేలు కాదు. సెఫెపిమ్ విషయంలోనూ అంతే: అడుగు స్థాయి లీటరుకు సుమారు 20 మిల్లీగ్రాములు దాటిన రోగుల్లో అయోమయం, కండరాల కుదుపులు, బయటికి కనిపించని మూర్ఛ వంటివి ఎక్కువగా నమోదయ్యాయి. స్పృహ తగ్గిన సెప్సిస్ రోగిలో దాన్ని జబ్బు లక్షణమేనని అనుకుని వదిలేసే అవకాశం ఎక్కువ.

పరిశీలనల్లో కనిపించిన మేలు, రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విడదీసి చూసినప్పుడు ఎంత మిగిలింది? ఏడు దేశాల్లోని 104 ఐసీయూలలో ఏడు వేలమందికి పైగా సెప్సిస్ రోగులతో జరిగిన బ్లింగ్-3 ట్రయల్ 2024లో వెలువడింది. పిపరాసిలిన్-టాజోబాక్టమ్ లేదా మెరోపెనెమ్‌ను రోజంతా ఆగకుండా పొందినవారిలో తొంభై రోజుల్లో మరణాలు 24.9 శాతం, విడివిడి డోసులుగా పొందినవారిలో 26.8 శాతం. ఆ తేడా గణాంక పరీక్షలో నిలబడలేదు. దాన్ని ఇతర ట్రయల్స్‌తో కలిపి 18 అధ్యయనాల్లోని తొమ్మిది వేలమందికి పైగా రోగులను చూస్తే, మరణ ప్రమాదం సుమారు 14 శాతం తగ్గినట్టు తేలింది. ఎక్కించే పద్ధతి మార్చడానికి ఖర్చు పెద్దగా లేనందున ఈ సాక్ష్యం సరిపోతుందనే అనిపిస్తుంది. స్థాయి కొలిచి మోతాదు మార్చే పద్ధతికి మాత్రం ఇంతటి ఆధారం దొరకలేదు. జర్మనీలో 249 మందితో జరిగిన టార్గెట్ ట్రయల్‌లో పిపరాసిలిన్ స్థాయి ప్రకారం మోతాదు మార్చిన వర్గంలో లక్ష్యం చేరినవారు పెరిగారు, కానీ అవయవ వైఫల్యం స్కోరు మారలేదు. నెదర్లాండ్స్‌లో 388 మందితో జరిగిన డాల్ఫిన్ ట్రయల్‌లో కంప్యూటర్ నమూనాతో మోతాదు నిర్ణయించినా ఐసీయూలో ఉండే రోజులు తగ్గలేదు.

దీన్నిబట్టి స్థాయికి విలువ లేదని తేల్చేయడం తొందరపాటు. ఈ ట్రయల్స్‌లో చేరిన చాలామంది రోగుల్లో అసలు ఏ బ్యాక్టీరియా ఉందో తెలియదు, తెలిసినవాటిలో చాలావరకు మందుకు తేలిగ్గా లొంగేవే. మామూలు ఈ.కోలైకి మెరోపెనెమ్ ఎంఐసీ లీటరుకు 0.06 మిల్లీగ్రాములో, ఇంకా తక్కువో ఉంటుంది. మొదట చెప్పిన లెక్క ప్రకారం అర్ధాయువు గంట ఉన్న రోగిలో మందు ఎనిమిది గంటలూ దానికి పైనే ఉంటుంది, వేగంగా వడకట్టే రోగిలోనూ ఆరు గంటలు దాటుతుంది. అక్కడ స్థాయిని ఇంకా పెంచినా అదనంగా దక్కేది ఏమీ లేదు. స్థాయి నిజంగా తేడా తెచ్చేది ఎంఐసీ పరిమితికి దగ్గరగా ఉన్న బ్యాక్టీరియా, అతివేగంగా వడకట్టే మూత్రపిండాలు, నిరంతర డయాలసిస్, విపరీతంగా పెరిగిన లేదా తగ్గిన శరీర బరువు, గుండె కవాటం వంటి మందు చొరబడని చోట ఇన్‌ఫెక్షన్ కలిసిన రోగుల్లో. వారు మొత్తం రోగుల్లో చిన్న భాగం కాబట్టి అందరినీ కలిపి సగటు తీసిన ట్రయల్‌లో ఆ మేలు కరిగిపోతుంది. పైగా ఫలితం ఎప్పుడు చేతికి వస్తుందన్నదీ ముఖ్యమే. బీటాలాక్టమ్‌లు గది ఉష్ణోగ్రతలో విచ్ఛిన్నమవుతాయి కనుక నమూనాను వెంటనే చల్లబరచి పంపాలి. పరీక్ష చేసే యంత్రం వేరే ఊళ్లో ఉంటే, మొదటి రోజు తీసిన రక్తానికి జవాబు మూడో రోజుకు వస్తుంది.

అలా ఆలస్యంగా వచ్చినా స్థాయి బాగా ఉపయోగపడే ఒక సందర్భం ఉంది. తగిన మందు మొదలుపెట్టి మూడు రోజులైనా బ్లడ్ కల్చర్‌లో అదే స్టాఫిలోకాకస్ పెరుగుతూనే ఉందనుకుందాం. వైద్యుడి ముందు రెండు దారులుంటాయి: మందు చాలడం లేదేమోనని మోతాదు పెంచడం లేదా రెండో మందు చేర్చడం, మందు చేరలేని స్థావరం ఎక్కడో దాగి ఉందని వెతకడం. స్థాయి నిజంగానే తక్కువగా వస్తే మొదటి దారి సరైనదే. స్థాయి లక్ష్యంలోనే ఉందని తేలితే మోతాదు పెంచడం మూత్రపిండాలకు హాని తప్ప మరేమీ చేయదు. అప్పుడు చేయాల్సింది గుండె కవాటాలను చూసే ఎకోకార్డియోగ్రామ్ తీయించడం, వెన్నెముకకు ఎంఆర్ఐ చేయించడం, పాత క్యాథెటర్‌ను ఆ రోజే తీసేయడం, చీముగడ్డ ఉంటే సర్జన్‌ను పిలవడం.